అటక మీది పాత చందమామలు: పిల్లల చేతికివ్వాలా, దాచిపెట్టాలా?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఇల్లు మారుతుంటే అటక మీద ఇనప్పెట్టెలో వాళ్ల నాన్నగారు దాచిన పాత చందమామలు, కొన్ని బొమ్మల కథల పుస్తకాలు దొరికాయట. అన్నీ కలిపి రెండొందల దాకా ఉన్నాయి. ఇంట్లో ఏడేళ్ల పాప, పదకొండేళ్ల బాబు. ఇద్దరిదీ ఇంగ్లీషు మీడియం, తెలుగు తడుముకుంటూ చదువుతారు. ఈ ఎండాకాలం సెలవుల్లో ఆ పుస్తకాలు పిల్లలకివ్వాలా, లేక చింపేస్తారు కాబట్టి లామినేషన్ చేయించి దాచాలా? ఇస్తే మాత్రం వాళ్లు చదువుతారా?

ఇచ్చేయండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు. ముట్టుకుంటే అంచులు రాలిపోయేవి పదో పదిహేనో ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. మిగతావి రోజుకొకటి చొప్పున బయట పెట్టండి, పెట్టె మొత్తం ఒకేసారి తెరిచి ఇవ్వొద్దు. మొదటి వారం పది రోజులు మీరే పైకి చదివి వినిపించండి. చదివాక ప్రశ్నలు వేయొద్దు. నేను చెప్పేది ఇంతే. ఎందుకు చెప్తున్నానో రాస్తే కొంచెం పొడవవుతుంది, ఓపిక ఉంటే చదవండి.

తిరుపతిలో మా ఇంటి ముందు గదిలో 1984 నుంచి 2006 దాకా అద్దె పుస్తకాల అంగడి నడిపాను. మా ఆయన ఉద్యోగానికి వెళ్లాక అంగడి నాది. మామూలు రోజుల్లో నవలలే ఎక్కువగా పోయేవి. ఏప్రిల్ చివర్లో పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచి మాత్రం గుమ్మం నిండా పిల్లల చెప్పులే. మళ్లీ జూన్‌లో బడి తెరిచేదాకా అంతే. అలాంటి ఎండాకాలాలు ఇరవై రెండు చూశాను.

అయితే పిల్లలు బొమ్మల పుస్తకాన్ని ఎలా చదువుతారో నాకు అంగడి కన్నా ముందే, చిత్తూరులో తెలిసింది. మా సెలవులన్నీ పెద్దమ్మ వాళ్లింట్లోనే. తిరుపతిలో మీటర్ గేజ్ రైలెక్కితే పాకాల మీదుగా చిత్తూరు, ఆ బండి అట్నుంచి కాట్పాడి పోయేది. పెద్దమ్మ ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలం పోగయ్యేవాళ్లం. తొమ్మిదిమందికీ కలిపి నెలకు ఒక్క చందమామ. పెదనాన్న సాయంత్రం తెచ్చేవాడు, కానీ ఆ పూట ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, ముందు ఆయన చదవాలి. మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక మాకు దక్కేది. బయట నిప్పులు కురిసే ఎండ, గడప దాటనిచ్చేవాళ్లు కాదు. నాపరాళ్ల మీద నీళ్లు చల్లి, తడారాక అందరం బోర్లా పడుకునేవాళ్లం. పెద్దక్క పైకి చదివేది. పేజీ తిప్పే ముందు పుస్తకం గుండ్రంగా తిప్పి తొమ్మిదిమందికీ బొమ్మ చూపించాలి. చూపించకుండా తిప్పితే గొడవే. చివరి పేజీల దగ్గరికి వచ్చేసరికి చిన్నవాళ్లు నిద్రపోయేవాళ్లు, మేం కొందరం మాత్రం బెంగుళూరా మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తింటూ వినేవాళ్లం. ఆ కారం వేళ్ల గుర్తులు మా పుస్తకాల నిండా ఉండేవి. మీ పెట్టెలోని పుస్తకాల్లోనూ చూడండి, మీ నాన్నగారివి కనిపించొచ్చు.

ఇక రెండో సంగతి. 1972లో శివకాశి నుంచి తమిళంలో ముత్తు కామిక్స్ మొదలయ్యాయి. మొదటి పుస్తకమే ఇనపచెయ్యి మాయావి కథ. అసలు అది ఇంగ్లండు బొమ్మల కథ, తమిళంలోకి తెచ్చారు. కరెంటు షాకు తగిలితే ఆ మనిషి మాయమైపోతాడు, ఇనపచెయ్యి ఒక్కటే గాల్లో కనబడుతూ ఉంటుంది. మా పెద్దమ్మ పక్కింటివాళ్లు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు, వాళ్లబ్బాయి దగ్గర ఆ పుస్తకాలు ఉండేవి. చిత్తూరులో తమిళం చెవిన పడకుండా పెరగడం కష్టం కాబట్టి మాకు వింటే అర్థమయ్యేది, చదవడం మాత్రం రాదు. బొమ్మలు చూస్తే సగం కథ తెలిసిపోయేది. చెయ్యి ఒక్కటే వచ్చి బీరువా తెరుస్తోంది, కాపలావాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. కానీ వాడు ఏమన్నాడు? అది బొమ్మలో మనిషి మాటలు రాసే బుడగలో ఉంది, ఆ బుడగ చదవడం మాకు రాదు. పక్కింటబ్బాయి చదివి తెలుగులో చెప్పేవాడు. అలిగిన రోజు చెప్పేవాడు కాదు. అలా అతను అలిగిన రోజుల్లోనే నేను తమిళ అక్షరాలు ఒక్కొక్కటే పోల్చుకోవడం మొదలుపెట్టాను. రెండో ఎండాకాలం ముగిసేసరికి సొంతంగా చదివాను. పలక పట్టలేదు, ఎవరూ దిద్దించలేదు. ఈ రోజుకీ బస్సుల మీద తమిళ బోర్డులు చదవగలుగుతున్నానంటే ఆ ఇనపచెయ్యి పుణ్యమే.

మీ పిల్లల తెలుగు గురించి నా నమ్మకమంతా దీని మీదే ఉంది. బొమ్మ సగం కథ చెప్పేస్తుంది. మిగతా సగం అక్షరాల్లో ఉందని తెలిశాక పిల్లలకు ఆగబుద్ధి కాదు. తెలుగు రావాలి కాబట్టి చదవమంటే ఏ పిల్లలూ చదవరు. వాడు ఏమన్నాడో తెలియాలంటే చదువుతారు.

కాబట్టి చందమామతో మొదలుపెట్టకండి, బొమ్మల కథలతో మొదలుపెట్టండి. ఆ పెట్టెలో ఏవేం ఉన్నాయో మీరు రాయలేదు. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథలు తెలుగులోనూ వచ్చాయి, అవి ఉంటే ముందు అవి తీయండి. బుడగలో కొద్ది మాటలే ఉంటాయి, తడుముకునేవాళ్లకు అది సుఖం. ఒత్తులు, పొల్లులు దగ్గర తడబడినా బొమ్మ చూసి మాట ఊహించుకుంటారు, ఊహ సరిపోతే ఆ అక్షరం ఇక మర్చిపోరు.

ఒక చిన్న సంగతి చాలామంది గమనించరు. ఏడేళ్ల పాపకు ఏ గడి తర్వాత ఏ గడి చూడాలో, ఒకే గడిలో రెండు బుడగలుంటే ఏది ముందో తెలియకపోవచ్చు. మబ్బులాంటి బుడగ ఉంటే మనసులో అనుకుంటున్నట్టని కూడా తెలియదు. అంగడికి వచ్చిన చాలామంది పిల్లలు కథ అర్థం కాలేదని పుస్తకం తిరిగిచ్చేసేవాళ్లు. పక్కన కూర్చోబెట్టి చూస్తే కుడివైపు బుడగ ముందు చదువుతున్నారని తెలిసేది. ఒక్క పేజీ వేలు పెట్టి చూపిస్తే చాలు, రెండో పేజీకి మన వేలు తోసేస్తారు.

చందమామకు వచ్చాక ముందు బేతాళ కథలు పట్టుకోండి. దీనికి నా కారణం వేరే. ఆ కథ ప్రతి నెలా దాదాపు ఒకే మాటలతో మొదలయ్యేది, ఒకే రకంగా ముగిసేది. విక్రమార్కుడు చెట్టు దగ్గరికి వెళ్లడం, శవాన్ని భుజాన వేసుకుని నడవడం, చివరికి బేతాళుడు మళ్లీ చెట్టెక్కడం. రెండు మూడు కథలు విన్న పిల్లలకు ఆ మొదటి పేరా నోటికి వచ్చేస్తుంది. అప్పుడు పుస్తకం చేతికిస్తే ఆ పేరా గడగడా చదివేస్తారు. నిజానికి సగం అప్పజెప్పడమే అది. కానీ పిల్లకు మాత్రం తను తెలుగు పేజీ చదివేసినట్టు ఉంటుంది. ఆ ధైర్యంతోనే రెండో పేరాలోకి పోతుంది. చందమామ చిత్రకారుడు శంకర్ గారు గీసిన ఆ కత్తి పట్టిన రాజు, భుజం మీద శవం బొమ్మ చూస్తే మా అంగడిలో భయపడిన చిన్నపిల్లలూ ఉన్నారు. మీ పాప భయపడితే వారం ఆగి ఇవ్వండి, బలవంతం చేయొద్దు.

మూడో తరగతి తప్పిన ఒక పిల్లవాణ్ణి వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. వాడు ఆ సెలవులంతా బేతాళ కథలు తప్ప ఇంకేదీ తీసుకోలేదు. చదివినవే మళ్లీ తీసుకునేవాడు. వాళ్లమ్మకు టెన్షన్, డబ్బులు దండగ అవుతున్నాయని. వాడు ఒకే పుస్తకం రెండోసారి తీసుకెళ్తే నేను అద్దె తీసుకునేదాన్ని కాదు. జూన్ మొదటి వారంలో వాడు తిన్నె మీద కూర్చుని వాళ్ల చెల్లెలికి పైకి చదివి వినిపిస్తుంటే నేను లోపల నిలబడి విన్నాను. ఎక్కడా ఆగలేదు. చదివిందే చదవడాన్ని వద్దనకండి, పిల్లలకు తెలిసిన దారిలో మళ్లీ నడవడం ఇష్టం.

సీరియళ్లు పదకొండేళ్ల బాబుకు. మీ పుస్తకాలు 60ల, 70ల నాటివైతే అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు ఉంటాయి. రాసినవారి పేరు అప్పట్లో వేసేవారు కాదు, మాకందరికీ అవి చందమామ కథలు, అంతే. ఆయన పేరు నాకు అంగడి పెట్టిన చాలా ఏళ్లకు తెలిసింది, అంతకాలం తెలియనందుకు బాధపడ్డాను. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన పత్రిక అది. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని చూసుకున్నారు. ఆ కాలం సంచికలు తీసి చూడండి, వాక్యాలు ఎంత చిన్నగా, సాఫీగా ఉంటాయో. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇప్పటి పాఠ్యపుస్తకం కన్నా అదే తేలిక అని నా అనుభవం. అట్ట మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ ఉంటే కాసేపు ఊరికే చూడనివ్వండి.

ఇంకొకటి, ఫోటో వ్యాఖ్యల పోటీ. రెండు ఫోటోలిచ్చి రెంటికీ జత కుదిరే మాటలు రాయమనేవారు. గెలిచిన మాటలు చేత్తో మూసి, రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో అందరినీ చెప్పమనండి. మా ఇంట్లో మా అత్తగారు ఎప్పుడూ గెలిచేది.

ఇప్పుడు చదివించడం గురించి. నేను చూసిన వాటిలో గట్టిగా పనిచేసింది సగంలో ఆపడం. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు పుస్తకం బోర్లా పెట్టి, పాలు పొంగుతున్నాయేమో చూసొస్తానని లేచిపోండి. తొందరగా రావొద్దు. మీరు వచ్చేసరికి పెద్దవాడి చేతిలో పుస్తకం ఉంటుంది. మొదటి రోజు ఉండకపోవచ్చు, నాలుగో రోజు ఉంటుంది. రోజుకొకటే ఇవ్వమన్నది కూడా అందుకే. రెండొందల పుస్తకాలు కుప్పగా పోస్తే బొమ్మలు తిప్పి పడేస్తారు. మాకు నెలకొకటి కాబట్టే అట్ట మీది అక్షరాలు కూడా వదలకుండా చదివాం. పిల్లలిద్దరికీ చెరొకటి ఇవ్వడం కన్నా ఇద్దరికీ కలిపి ఒకటివ్వండి. కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనివ్వండి.

పరీక్ష పెట్టొద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. మా వీధిలోనే ఒకావిడ, మంచి మనిషి, పిల్లల మీద ప్రాణం, ఇద్దరు కొడుకులకు రోజూ పుస్తకం తీసుకెళ్లేది. చదివిన ప్రతి కథకూ నోటు పుస్తకంలో సారాంశం, నీతి రాయాలని షరతు. మొదటివారం రోజుకు రెండు తీసుకెళ్లిన పిల్లలు రెండోవారం ఒకటి, ఆ తర్వాత రావడం మానేశారు. పెద్దవాడు ఒకరోజు దారిలో కనిపిస్తే ఎందుకు రావట్లేదురా అని అడిగాను. "చదివితే రాయాల ఆంటీ, చదవకుంటే రాయబళ్లేదు" అన్నాడు. తల్లిదండ్రులు ఎవరు ఏ సలహా అడిగినా నాకు ఆ పిల్లవాడి మాటే గుర్తుకొస్తుంది. వాళ్లంతట వాళ్లు కథ చెప్పబోతే మాత్రం చేతిలో పని ఆపి వినండి.

మే నెలలో గంగమ్మ జాతర వారం పుస్తకాల ఊసు ఎత్తొద్దు. తాతయ్యగుంట గంగమ్మకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అంటూ ఊరంతా నామంకొమ్ము, కుంకుమ, బొగ్గు పూసుకుని తిరుగుతుంటే పిల్లలు పుస్తకం పట్టుకుని కూర్చోవాలనుకోవడం అన్యాయం. ఆ వారం నేనూ అంగడి మూసేదాన్ని. జాతర అయ్యాక వాళ్లే వస్తారు.

పుస్తకంలో చూసింది ఊళ్లో కనిపిస్తే దాని బలం వేరు, తిరుపతి పిల్లలకు ఆ అదృష్టం ఉంది. కృష్ణదేవరాయల బొమ్మల కథ చదివిన ఒక అబ్బాయి కొండకు పోయొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, "పుస్తకంలో ఉండే ఆయన కొండమీద గుళ్లో నిలబడుండాడు ఆంటీ, ఇద్దరు రాణులు కూడా ఉండారు" అని చెప్పాడు. గుడిలో చేతులు జోడించి నిలబడ్డ ఆ కంచు విగ్రహాల పక్కనుంచే మనం ఎన్నోసార్లు క్యూలో తోసుకుంటూ వచ్చేసి ఉంటాం. మీ బాబు రాయల కథ చదివితే చల్లబడ్డాక ఒక సాయంత్రం చంద్రగిరి కోటకు తీసుకెళ్లండి, ఎంతో దూరం లేదు.

ఇక చిరగడం, దాచడం. మీ భయం నాకు అర్థమవుతుంది, అవి మీ నాన్నగారివి. కానీ ఇరవై రెండేళ్లలో పిల్లలు చదివి చింపినవి నేను అతికించి మళ్లీ అద్దెకిచ్చాను. ఒకసారి జాగ్రత్తగా ఉంటాయని అటక మీద కట్ట కట్టి పెట్టిన అరవై పుస్తకాలు మాత్రం చెదలు తినేసి మట్టిముద్దలై దిగాయి. వాటిని ఏ పిల్లవాడూ చదవలేదు.

లామినేషన్ ఎందుకు వద్దంటే, ఆ కాగితం చవకరకం చెక్కగుజ్జుతో చేసింది. దానిలోని ఆమ్లం వల్లే పసుపెక్కి పెళుసవుతుంది. ప్లాస్టిక్ మధ్య వేడిచేసి అతికించినంత మాత్రాన ఆ ఆమ్లం ఎక్కడికీ పోదు, లోపల పెళుసవుతూనే ఉంటుంది. పైగా ఒకసారి అతికించాక విప్పలేరు. విడివిడి పేజీలవడంతో పుస్తకం పుస్తకంలా ఉండదు.

సెల్లోటేపు కూడా వద్దు. అంగడి పెట్టిన కొత్తలో చిరిగిన ప్రతి పేజీకీ నేను అదే వేశాను. ఐదారేళ్లకు టేపు ఊడి వచ్చేసింది, దాని జిగురు మాత్రం గోధుమరంగు చారలా మిగిలి పక్క పేజీలకు అంటుకుంది. ఆ చారల కింద పోయిన బొమ్మలు మళ్లీ రాలేదు. తర్వాత నుంచి పల్చటి తెల్ల కాగితం ముక్క, పల్చగా కాచిన మైదా జిగురు వాడాను. బైండింగు వాళ్లు పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. మీరు కలపొద్దు, అది విషం, పిల్లలు వేలు నాలుక మీద పెట్టుకుని పేజీ తిప్పుతారు. జిగురు కొంచెమే రాసి, పైన కాగితం వేసి, బరువు పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి.

పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి. మొద్దు చాకుతో నెమ్మదిగా లేపి తీసేసి, అవే రంధ్రాల్లోంచి నూలుదారంతో రెండు కుట్లు వేయండి. బైండు చేయిస్తే అంచులు కత్తిరించొద్దని ముందే గట్టిగా చెప్పండి. నాకు ఒకతను నీటుగా ఉంటుందని కత్తిరించి, బొమ్మల్లో మనుషుల తలలు సగం కోసిచ్చాడు.

పురుగు కనిపిస్తే మిద్దె మీద ఎండలో ఆరబెట్టకండి, మన ఎండకు కాగితం అప్పడమవుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ కవరులో కట్టి, డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒకరోజంతా కవరు విప్పకుండా ఉంచి అప్పుడు తెరవండి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఇనప్పెట్టెలో తిరిగి పెట్టొద్దు. గోడకు తగలకుండా చెక్కబీరువాలో, పడుకోబెట్టి పెట్టండి, నిలబెడితే నడుం వంగుతాయి. కార్తీకం వానలు తగ్గాక ఒకసారి అన్నీ తీసి ఫ్యాను కింద పేజీలు తిప్పితే చాలు. 1947, 48 సంచికలు గాని ఉంటే అవి పిల్లలకివ్వొద్దు, పెద్దవాళ్లు చేతులు కడుక్కుని చూపించాలి.

చివరిగా, మీ నాన్నగారు ఉన్నారని, కళ్లు సరిగ్గా కనబడక చదవడం మానేశారని ప్రశ్న చివర ఒక్క ముక్క రాశారు. నాకైతే అదే పెద్ద విషయం అనిపించింది. మధ్యాహ్నం చదివేటప్పుడు ఆయన్ని పిల్లల మధ్యలో కూర్చోబెట్టండి. బొమ్మ కనబడకపోయినా పాప తడబడిన చోట మాట ఆయనే అందిస్తారు, యాభై ఏళ్ల కిందటి కథైనా సరే. మా పెదనాన్న అలాగే అందించేవాడు.

సీరియల్ మధ్యలో సంచికలు లేకపోతే పిల్లలు ఊరుకోరు. ఏ సంవత్సరం, ఏ నెల లేదో ఇక్కడే రాయండి. అంగడి మూసినప్పుడు కొన్ని ఉంచుకున్నాను, నా దగ్గరుంటే ఆ భాగంలో ఏం జరిగిందో చదివి రాస్తాను.